స్టువర్టుపురం పక్కన ఉండేవాళ్లం

2017 డిసెంబరులో మా ఇంట్లో దొంగలు పడ్డారు. అప్పుడు ఉద్యోగం కోసం సొంతూరికి దూరంగా ఒక టౌన్లో అద్దెకుండేవాళ్లం. పిన్ని కూతురి పెళ్లికి వెళ్లి, రెండు రోజుల తరవాత తెల్లవారుజామున ఇంటికి చేరాం. వీధి తలుపు తాళం గొళ్లెంతో సహా ఊడి గడప పక్కన పడి ఉంది. బీరువాలో బట్టలన్నీ నేల మీద ఉన్నాయి. అమ్మ గొలుసు, నా రెండు జతల గాజులు, పాప పుట్టినప్పుడు మా అత్తగారు చేయించిన చిన్న గొలుసు పోయాయి. అన్నీ కలిపి తొమ్మిది తులాల పైమాటే. అమ్మ లోపలికి రాలేదు. సంచి ఒళ్లో పెట్టుకుని అరుగు మీదే కూర్చుండిపోయింది.

నేను, మావారు స్టేషన్‌కి వెళ్లాం. ఏ ఊరు, ఏ స్టేషన్ అన్నది ఇక్కడ అవసరం లేదు. స్టేషన్‌లో రాతపని చూసే రైటర్ మమ్మల్ని ఓ గంట కూర్చోబెట్టి, అప్పుడు అడగడం మొదలుపెట్టారు. బిల్లులున్నాయా? పెళ్లికి వెళ్తూ బంగారం ఇంట్లో పెట్టి ఎలా వెళ్లారు? రాత్రి రైలు ప్రయాణమని భయపడి పెట్టి వెళ్లామని చెప్పాను. మీ సొంతూరేది? "చీరాల దగ్గర" అన్నాను. ఆయన కాగితం మీంచి తలెత్తి నవ్వారు.

"ఓహో, స్టువర్టుపురం పక్కనా! అయితే మీ వైపు వాళ్లే వచ్చి పట్టుకుపోయుంటారు మేడమ్."

దొంగల ఊరని పేరు పడ్డ ఊరది. పక్కనున్న కానిస్టేబుల్ కూడా నవ్వాడు. ఇల్లు గుల్లయి వచ్చినవాళ్ల ముందు వాళ్లకు ఆ నవ్వు ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. తరవాత ఆయన ఫిర్యాదు చదివి, తొమ్మిది తులాలని ఉన్నచోట నాలుగని రాయమన్నారు. తొమ్మిదంటే పై ఆఫీసర్లకు లెక్క చెప్పుకోవాలట, బిల్లులు లేవు కాబట్టి మాకూ తలనొప్పేనట. మేం మార్చలేదు. "సరే, పెట్టి వెళ్లండి. దొరికితే కబురు చేస్తాం" అన్నారు. రసీదు ఇవ్వలేదు. ఎఫ్ఐఆర్ మాట ఎత్తితే, "ముందు దొంగ దొరకనివ్వండి" అన్నారు.

సాయంత్రం ఇద్దరు కానిస్టేబుళ్లు ఇంటికొచ్చారు. ఎవరి మీదైనా అనుమానం ఉందా అని అడిగారు. మా వీధిలోకి వారానికోసారి ఒకామె బుట్టలు, చేటలు, చీపుళ్లు నెత్తిన పెట్టుకుని వచ్చేది. ఎరుకల ఆమె. అమ్మ ఆమెకు మజ్జిగ పోసేది, ఇద్దరూ అరుగు మీద కూర్చుని కబుర్లు చెప్పుకునేవాళ్లు. ఆ రోజు అమ్మ, "బుట్టలామె మొన్న మేం సంచులు సర్దుకుంటుంటే చూసింది" అంది. నేను పక్కనే ఉన్నాను. ఆ మాటకు అర్థమేమిటో, అది ఎక్కడిదాకా పోతుందో నాకు తెలుసు. అయినా ఆపలేదు.

మర్నాడు ఆమె కొడుకును తీసుకెళ్లారు. ఇరవై ఏళ్లుంటాయేమో. రెండు రాత్రులు స్టేషన్‌లో ఉంచి వదిలేశారు. అతని దగ్గర ఏమీ దొరకలేదు. వారం తరవాత ఆమె నెత్తి మీద బుట్టలు లేకుండా వచ్చి మా గేటు బయట నిలబడింది. "మీ ఇంట్లో మజ్జిగ తాగినదాన్నమ్మా" అంది. అంతే. అమ్మ ఏదో అనబోయింది, మాట రాలేదు. ఆమె మళ్లీ మా వీధిలోకి రాలేదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, జిల్లాల్లో నేరాలు పెరిగాయా తగ్గాయా అన్న చర్చ వచ్చిన ప్రతిసారీ నాకు ఆ స్టేషన్ రిజిస్టరే గుర్తొస్తుంది. ఆ డిసెంబరు నాటికి అందులో మా ఇంటి దొంగతనం లేదు. ఆ కుర్రాడు అక్కడ గడిపిన రెండు రాత్రులూ లేవు. మనిషిని అదుపులోకి తీసుకుంటే 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలని రాజ్యాంగం చెబుతోంది. కాగితం మీద అతన్ని అదుపులోకి తీసుకోలేదు కాబట్టి హాజరుపరచాల్సిన అవసరమూ రాలేదు. మాకూ అన్యాయం జరిగింది, ఆ కుటుంబానికి అంతకంటే పెద్ద అన్యాయం జరిగింది. లెక్క మాత్రం ఖాళీ. ఆ ఖాళీని చూసి ఊరు ప్రశాంతంగా ఉందనుకోవచ్చు.

ప్రతి ఏడాది చివర్లో జిల్లా ఎస్పీలు విలేకరులను పిలిచి లెక్క చెబుతారు. హత్యలు ఇన్ని, దొంగతనాలు ఇన్ని, పోయినేడాది కంటే ఇంత శాతం తేడా. మర్నాడు పేపర్లో జిల్లా పేజీ నిండా అదే. అంకె తగ్గితే పోలీసులకు పేరు, పెరిగితే అక్షింతలు. అధికార పార్టీ వాళ్లు తగ్గిన అంకె పట్టుకుంటారు, ప్రతిపక్షం వాళ్లు పెరిగిన అంకె పట్టుకుంటారు. ఎవరు ఏ అంకె పట్టుకున్నా, అది స్టేషన్‌లో కట్టిన కేసుల లెక్కే. ఊళ్లో జరిగిన నేరాల లెక్క వేరు. ఈ రెండింటినీ ఒకటిగా చూడటం వల్లే మన దగ్గర భద్రత గురించి సరైన చర్చ జరగడం లేదని నా గట్టి నమ్మకం.

ఇది నేను కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. దేశమంతటి నేరాల లెక్క వేసే ఎన్‌సీఆర్‌బీ కూడా తన నివేదికల్లో ఇదే హెచ్చరిక ఇస్తుంది. నేరం పెరగడం వేరు, నేరాల నమోదు పెరగడం వేరు అని. 2020 సంగతి చూడండి. ఆ ఏడాది దేశంలో కేసులు అంతకుముందు ఏడాది కంటే సుమారు 28 శాతం పెరిగాయి. లాక్‌డౌన్‌లో జనమంతా ఇళ్లలో ఉన్న ఏడాది అది. దొంగతనాలు తగ్గాయి కూడా. మరి పెరిగిందేమిటి? ప్రభుత్వ ఉత్తర్వు ఉల్లంఘించారంటూ 188 సెక్షన్ కింద పెట్టిన కేసులు 2019లో 29 వేల పైచిలుకు ఉంటే, 2020లో 6 లక్షలు దాటాయి. మాస్కు లేదని, బయట తిరిగారని పెట్టిన కేసులే చాలావరకు. అంకె ఒక్కటే చూసినవాడికి దేశం ఒక్క ఏడాదిలో నేరస్థుల దేశమైపోయినట్టు కనిపిస్తుంది.

కేరళ సంగతి ఇంకొకటి. జనాభా లెక్కన నమోదయ్యే కేసుల్లో ఆ రాష్ట్రం ఏళ్ల తరబడి దేశంలో పైవరసలోనే ఉంటోంది. కేరళ వెళ్లాలంటే భయపడేవాళ్లను మీరెవరైనా చూశారా? అక్కడి జనం చిన్న గొడవకైనా స్టేషన్ మెట్లెక్కుతారు, ఎక్కితే కేసు కడతారు. ఆ అంకె వెనక కనిపిస్తున్నది చాలావరకు అడిగే జనం.

లెక్క కట్టే పద్ధతిలో కూడా తెలుసుకోవాల్సినవి ఉన్నాయి. ఒకే ఎఫ్ఐఆర్‌లో నాలుగు నేరాలుంటే, లెక్కలోకి అన్నిటికంటే పెద్ద నేరం ఒక్కటే ఎక్కుతుంది. లక్ష మందికి ఇన్ని కేసులు అన్నప్పుడు, ఆ లక్షలు 2011 జనగణన మీద వేసిన అంచనాలు. ఇక మా బాపట్ల జిల్లా పుట్టిందే 2022 ఏప్రిల్ 4న. గుంటూరు జిల్లాలోంచి కొన్ని మండలాలు, ప్రకాశం జిల్లాలోంచి కొన్ని తెచ్చి కలిపారు. పదేళ్ల కిందట ఈ జిల్లా ఎలా ఉండేది అని పోల్చాలంటే పాత స్టేషన్ల లెక్కలన్నీ విడదీసి కూడాలి. అలా కూడి చూసినవాళ్లు ఎవరూ నాకు కనిపించలేదు. అయినా టీ బంకు దగ్గర "ఒకప్పుడు ఇలా ఉండేది కాదు" అని తేల్చేస్తాం.

స్టేషన్‌లో కేసు ఎందుకు కట్టరో కూడా చెప్పాలి. చెప్పకపోతే ఇది ఒక రైటర్ మీద కోపంలా మిగిలిపోతుంది. మా బంధువుల్లో ఒకాయన ఎస్సైగా చేసి రిటైరయ్యారు. ఆయన్ను నిలదీసినట్టే అడిగాను. ఆయన దాపరికం లేకుండా చెప్పారు. ఎఫ్ఐఆర్ కట్టిన క్షణం నుంచి అది స్టేషన్ నెత్తిన బరువు. పంచనామా రాయాలి, క్లూస్ టీమ్‌ను పిలవాలి, కేసు డైరీ నడపాలి. దొంగ దొరక్కపోతే నెలనెలా జరిగే క్రైమ్ మీటింగ్‌లో పెండింగ్ కేసు కింద నిలబడి సంజాయిషీ చెప్పాలి. పోయిన సొత్తులో ఎంత రికవరీ చేశారన్నది శాతాల్లో చూస్తారు. తొమ్మిది తులాలు పోయి మూడు దొరికితే మూడో వంతు. నాలుగు పోయి మూడు దొరికితే ముప్పావు వంతు. మమ్మల్ని నాలుగని రాయమనడానికి కారణం నాకు అప్పుడు తెలిసింది.

"అన్నీ కడితే పని నడవదమ్మా. బందోబస్తు, జాతరలు, వీఐపీలు, కోర్టు డ్యూటీలు, సమన్లు. ఉన్న పదిమందిని ఎక్కడ వెయ్యను?" అన్నారాయన. అందులో అబద్ధం లేదు. పండక్కి ఇంటికి రాలేని కానిస్టేబుల్ కుటుంబాలు మా వీధిలోనూ ఉన్నాయి. కానీ కేసులు కట్టకపోతే ఆ పదిమంది ఎప్పటికీ ఇరవై మంది కారు. పని కాగితం మీద లేనప్పుడు మనుషులు కావాలని ఎలా అడుగుతారు? ఆయనకు ఈ మాటే చెప్పాను. కాసేపు ఊరుకుని, "నిజమే కానీ, మొదట కట్టిన ఎస్సై ట్రాన్స్‌ఫర్ అయిపోతాడు" అన్నారు. నా దృష్టిలో తప్పంతా ఇక్కడే ఉంది. తక్కువ అంకె చూపినవాడికి మెచ్చుకోలు, నిజం రాసినవాడికి బదిలీ అయితే, నిజం రాయమని ఏ ఎస్సైకి చెప్పగలం?

చట్టం మాత్రం స్పష్టంగా ఉంది. 2013 నవంబరు 12న లలితాకుమారి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, పోలీసులు నేరుగా దర్యాప్తు చేయదగ్గ నేరం గురించి సమాచారం వస్తే ఎఫ్ఐఆర్ కట్టి తీరాలని చెప్పింది. దంపతుల తగాదాలు, వ్యాపార లావాదేవీల్లాంటి కొన్నింట్లోనే ముందు విచారణకు వీలిచ్చింది. తాళం పగలగొట్టి చేసిన దొంగతనం అందులోకి రాదు. మేం స్టేషన్‌కి వెళ్లేనాటికి ఆ తీర్పు వచ్చి నాలుగేళ్లయింది. మావారి ఆఫీసులో ఒకాయన చెబితే, అదే ఫిర్యాదును రిజిస్టర్డ్ పోస్టులో ఎస్పీ గారికి పంపాం. జనవరి రెండో వారంలో స్టేషన్ నుంచి ఫోన్ వచ్చింది. ఎఫ్ఐఆర్ కట్టారు, కాపీ ఇచ్చారు. దానిమీద తేదీ 2018ది. అంటే 2017 లెక్కలో మా ఇంట్లో దొంగలే పడలేదు.

2024 జులై 1 నుంచి వచ్చిన కొత్త చట్టంలో (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) ఈ దారి ఇంకా సులువైంది. ఏ స్టేషన్‌లో ఇచ్చినా ఫిర్యాదు తీసుకోవాలి, దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటున్నారు. ఆన్‌లైన్‌లో పంపితే మూడు రోజుల్లో వెళ్లి సంతకం పెట్టాలి. కాపీ ఉచితంగా ఇవ్వాలి. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా ఫిర్యాదుదారుకు చెప్పాలి. స్టేషన్‌లో కట్టనంటే ఎస్పీకి రాయవచ్చు, అక్కడా కాకపోతే మేజిస్ట్రేటు దగ్గరకు వెళ్లవచ్చు. ఇవన్నీ తెలిసినవాళ్లకు ఉన్న హక్కులు. బుట్టలామెకు రిజిస్టర్డ్ పోస్టు ఎవరు రాసిపెడతారు?

ఇక ఆ రైటర్ నవ్వు దగ్గరకు వస్తాను.

బాపట్ల దాటి చీరాల వైపు వచ్చే దారిలో స్టువర్టుపురం ఒక చిన్న రైల్వే స్టేషన్. నా చిన్నప్పుడు ప్యాసింజర్ రైలు అక్కడికొస్తుందంటే పెద్దవాళ్లు కిటికీ రెక్కలు దించేవాళ్లు, మెడలో గొలుసులు కొంగు కిందికి తోసుకునేవాళ్లు. రైలు కదిలాక మళ్లీ రెక్కలు ఎత్తేవాళ్లు. నేను ఆ స్టేషన్ పేరును బోర్డు మీద చదవకముందే, మూసిన రెక్కల సందుల్లోంచి భయంగా విన్నాను. ఆ ఊరు ఎలా పుట్టిందో మాకు స్కూల్లో ఎవరూ చెప్పలేదు.

1871లో బ్రిటిష్ ప్రభుత్వం ఒక చట్టం చేసింది. కొన్ని కులాలు, తెగలు పుట్టుకతోనే నేరస్థులని ఆ చట్టం ప్రకటించింది. 1911లో దాన్ని మరింత గట్టిపరిచి మద్రాసు రాష్ట్రంలోనూ అమలు చేశారు. ఎరుకలవాళ్లనూ ఆ జాబితాలో చేర్చారు. అంతకుముందు ఎరుకలవాళ్లు ఎడ్ల మీద, గాడిదల మీద ఉప్పు, ధాన్యం మోసుకుంటూ కోస్తా నుంచి లోపలి ఊళ్లకు తిరిగి వ్యాపారం చేసేవాళ్లు. రైళ్లు, ప్రభుత్వ ఉప్పు విధానం ఆ బతుకును దెబ్బతీశాయి. తిరిగే మనుషుల్ని ఒకచోట కట్టిపడేయడానికి సెటిల్‌మెంట్లు పెట్టారు. గుంటూరు జిల్లాలో సీతానగరం, నెల్లూరు వైపు కప్పరాళ్లతిప్ప, బాపట్ల దగ్గర స్టువర్టుపురం. మద్రాసు ప్రభుత్వంలో పెద్ద అధికారిగా చేసిన హెరాల్డ్ స్టువర్ట్ పేరే ఈ ఊరికి పెట్టారు. నడిపే బాధ్యత క్రైస్తవ సేవాసంస్థ సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. హాజరు వేయించుకోవాలి, పాస్ లేకుండా ఊరు దాటకూడదు. చీరాల ఐఎల్‌టీడీ పొగాకు ఫ్యాక్టరీకి ఈ సెటిల్‌మెంటు మనుషులే కూలీలుగా వెళ్లారు.

స్వాతంత్ర్యం వచ్చిన ఐదేళ్లకు, 1952 ఆగస్టు 31న దేశమంతటా ఆ చట్టం పోయింది. పేరు పోలేదు. 1970ల్లో హేమలతా లవణం గారు, కవి గుర్రం జాషువా కూతురు, భర్త లవణం గారితో కలిసి స్టువర్టుపురంలో ఏళ్ల తరబడి పనిచేశారు. దొంగతనాలు మానినవాళ్లకు భూమి, పని, పిల్లలకు చదువు దొరికేలా ప్రభుత్వం వెంటపడ్డారు. ఆమె అక్కడి ఇళ్లలోకి వెళ్లి కూర్చునేవారు. అనుమానించే కళ్లు తప్ప మరేమీ చూడని గడపల్లోకి ఒక మనిషి మనిషిలా వెళ్లడం ఎంత పెద్ద పనో, మా బుట్టలామె గేటు బయట నిలబడిన రోజు నాకు అర్థమైంది. స్టువర్టుపురంలో ఒకప్పుడు దొంగలు లేరని నేను అనను. వందేళ్ల కిందట ఒక చట్టం ఒక ఊరిని ముళ్లకంచెలో పెట్టి, పని తీసేసి, వేలు చూపిస్తూ ఉంటే ఏమవుతుందో అదే అయింది. ఇవాళ అక్కడ ఉద్యోగాలు చేస్తున్నవాళ్లు, చదువుకున్నవాళ్లు ఉన్నారు. వాళ్లు అద్దె ఇంటికి వెళ్లి ఊరు పేరు చెప్పాలంటే ఆలోచిస్తారు. కొందరు బాపట్ల అని చెప్పి ఊరుకుంటారు.

ఇది పాత కథ కూడా కాదు. 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు జైళ్లలో కులవివక్ష మీద తీర్పిస్తూ, ఆ పాత చట్టం నుంచి బయటపడ్డ విముక్త జాతుల వాళ్లను అలవాటుపడ్డ నేరస్థులుగా చూసే జైలు నిబంధనలను కొట్టేసింది. చట్టం రద్దయిన 72 ఏళ్ల తరవాత కూడా ఆ రాతలు మిగిలే ఉన్నాయన్నమాట.

ఇప్పుడు మా బాపట్ల జిల్లాలోనే ఇంకో రెండు ఊళ్ల పేర్లు చెబుతాను. కారంచేడు, చుండూరు. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు దళితులను చంపారు. తాగే నీళ్ల చెరువు దగ్గర గేదెల కుడితి విషయంలో అడ్డుచెప్పడం దగ్గర మొదలైన గొడవ అది. బతికినవాళ్లు చీరాల వచ్చి తలదాచుకున్నారు. చాలామంది తిరిగి ఆ ఊరికి పోనేలేదు, చీరాల్లోనే కాలనీ కట్టుకుని ఉండిపోయారు. సుప్రీంకోర్టు దాకా వెళ్లిన కేసులో తీర్పు 2008లో వచ్చింది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను వెంటాడి చంపారు. ఆ ఊళ్లోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007 జులై 31న 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు ఆ శిక్షలు కొట్టేసింది.

మా ప్రాంత చరిత్రలో ఇంతకంటే పెద్ద నేరాలు నాకు తెలియవు. ఈ రెండు ఊళ్ల మీదుగా వెళ్తూ ఎవరూ కిటికీలు దించలేదు. "మీది కారంచేడు వైపా" అని ఏ స్టేషన్‌లోనూ నవ్వలేదు. దించాలని, నవ్వాలని నేను అనడం లేదు. ఊరికి ఊరిని నేరస్థుల్ని చేయడం ఎక్కడైనా తప్పే. కానీ మన భయం ఎవరి మీద పడుతుంది, ఎవరి మీద పడదు అన్నది చూస్తే, అది నేరాన్ని బట్టి పడటం లేదని తెలుస్తుంది. కారంచేడులో ఆ రోజుకు ముందు దళితవాడ నుంచి ఎన్ని ఫిర్యాదులు స్టేషన్‌దాకా వెళ్లగలిగి ఉంటాయి? కొట్టినా తిట్టినా స్టేషన్ గడప తొక్కలేనివాళ్లు ఉన్న ఊళ్లో కేసులు తక్కువే ఉంటాయి. ఆ తక్కువను శాంతి అని పిలుస్తూ వచ్చాం. కారంచేడు జరిగిన నాలుగేళ్లకు, 1989లో, ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. ఆ చట్టం కింద కేసులు పెరిగాయని వార్త వచ్చినప్పుడల్లా "దుర్వినియోగం" అన్న మాట వినిపిస్తుంది. అంతకుముందు నోరెత్తలేని వాళ్లు ఇప్పుడు ఎత్తుతున్నారేమో అన్న మాట ముందుగా ఎవరికీ తట్టదు.

ఇళ్లలోపల సంగతి కూడా ఇంతే. 2022లో ఆడవాళ్ల మీద నేరాలుగా నమోదైన కేసుల్లో 31 శాతానికి పైగా భర్త, అత్తింటివాళ్ల హింస కేసులే. రాత్రి రోడ్డు మీద ఎవరో వస్తారని ఆడపిల్లలకు జాగ్రత్తలు చెబుతాం, లెక్కలు ఇంటి తలుపు వైపు చూపిస్తున్నాయి. పైగా 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, శారీరక లేదా లైంగిక హింస అనుభవించిన స్త్రీలలో ఎక్కడైనా సాయం అడిగినవాళ్లు 14 శాతమే. వాళ్లలోనూ ఎక్కువమంది వెళ్లింది పుట్టింటివాళ్ల దగ్గరకు. పోలీసుల దాకా వెళ్లినవాళ్లు చాలా కొద్దిమంది. ఈ ఏడాది మా జిల్లాలో గృహహింస కేసులు రెండింతలయ్యాయని ఎస్పీ గారు చెబితే నేను సంతోషిస్తాను. గడప దాటి స్టేషన్‌కు వెళ్లగలిగారని.

రోడ్ల గురించి ఒక్క మాట. 2022లో దేశంలో నమోదైన హత్య కేసులు 28 వేల పైచిలుకు. రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్లు 1 లక్షా 68 వేల పైచిలుకు. హైవే పక్క ఊళ్లలో ఉండేవాళ్లకు ఇది అంకెలతో చెప్పనక్కర్లేదు. వెలగని వీధిదీపం, హెల్మెట్ లేని కొడుకు, రాంగ్ సైడులో వచ్చే ట్రాక్టరు. భద్రత అంటే ఇవి కూడా అని జిల్లా సమీక్షల్లో గట్టిగా మాట్లాడాలి.

సైబర్ మోసాల్లో మాత్రం త్వరగా చెప్పడం మీదే అంతా ఆధారపడి ఉంటుంది. డబ్బు పోయిన వెంటనే సైబర్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే, అది ఖాతాలు మారిపోకముందే ఆపే అవకాశం ఉంది. మా కొలీగ్ ఒకావిడ ఇంట్లో తెలిస్తే పరువు పోతుందని మూడు రోజులు చెప్పలేదు. అప్పటికి డబ్బు ఎటుపోయిందో దారి దొరకలేదు. మోసపోయినవాళ్లను చూసి "చదువుకుని కూడా ఎలా నమ్మావు" అని అనకపోవడం కూడా పక్కింటివాళ్లు చేయగల భద్రతే. స్టేషన్‌లో మమ్మల్ని "పెళ్లికి వెళ్తూ బంగారం ఇంట్లో పెడతారా" అన్నప్పుడు, ఇంకెప్పుడూ ఈ మెట్లెక్కకూడదని నాకూ అనిపించింది.

అయితే అంకెలే వద్దా అని అడిగితే, కావాలి. ఇంకా ఎక్కువ కావాలి. ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి, అందులో ఎన్నిటికి ఎఫ్ఐఆర్ అయింది, వచ్చిన రోజుకూ కట్టిన రోజుకూ మధ్య ఎన్నాళ్లు పట్టింది అన్నవి చెప్పాలి. ఎస్పీ ఆఫీసుకు పోస్టులో రాసుకుంటే తప్ప కట్టని కేసులు ఏ స్టేషన్‌లో ఎక్కువో చెప్పాలి. అనుమానితుల జాబితాలో, రౌడీషీట్లలో ఉన్నవాళ్లు ఏ సామాజిక వర్గాల వాళ్లో, వాళ్లలో ఎంతమందికి ఎప్పుడైనా శిక్ష పడిందో చెప్పాలి. పోలీసుల మీదే ఫిర్యాదులుంటే వినడానికి జిల్లా స్థాయిలో ప్రత్యేక సంస్థ పెట్టాలని సుప్రీంకోర్టు 2006లోనే, ప్రకాశ్ సింగ్ కేసులో చెప్పింది. దానికి ఎలా రాసుకోవాలో ప్రతి స్టేషన్ గోడ మీద తెలుగులో ఉండాలి. కేసులు ఎక్కువ కట్టిన ఎస్సైని బదిలీ చేయకుండా, అదనంగా మనుషుల్ని ఇవ్వాలి. ఇలా చేస్తే మొదటి రెండేళ్లు అంకె తప్పకుండా పెరుగుతుంది. పేపర్లో 'పెరిగిన నేరాలు' అని వస్తుంది. ఆ రెండేళ్లు పోలీసుల పక్షాన మాట్లాడటానికి నేను సిద్ధం.

మా బంగారం దొరకలేదు. 2019లో కేసు మూసేస్తున్నట్టు నోటీసు వచ్చింది. అమ్మ దాన్ని చదివి బీరువాలో చీరల కింద పెట్టింది. ఆ ఊరు వదిలి వచ్చేముందు నేను బుట్టలామె ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. రైల్వే గేటు అవతల ఉండేవాళ్లని చెప్పారు. గుడిసెకు తాళం వేసి ఉంది. కొడుకు పనికోసం హైదరాబాద్ వెళ్లాడని, తల్లినీ తీసుకుపోయాడని పక్కామె చెప్పింది. "మీరెవరు? పోలీసుల తరఫునా?" అని అడిగింది. కాదన్నాను. నమ్మినట్టు లేదు.

ఇప్పుడు మేం సొంతూరికి వచ్చేశాం. మొన్న 9వ తేదీన జిల్లా పోలీసు కార్యాలయానికి సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టాను. పైన రాసిన ప్రశ్నలే, పోయిన రెండేళ్లకు, స్టేషన్ల వారీగా. అమ్మ అర్జీ చదివించుకుని విని, ఒక ప్రశ్న తనూ రాయమంది. కేసు లేకుండా స్టేషన్‌లో ఉంచి వదిలేసినవాళ్ల వివరాలు ఏ రిజిస్టర్లో రాస్తారు అని. చివరి ప్రశ్నగా అదే పెట్టాను. జవాబు ఇవ్వడానికి వాళ్లకు 30 రోజుల గడువుంది.